రెండు గడియల చిట్టా



మన వర్తక కుటుంబములలో సృజన అను మాట వినబడగానే, అది కవులకును చిత్రకారులకును సినిమావారికిని సంబంధించిన విషయమని పెద్దలు ప్రక్కకు పెట్టుదురు. తెల్లవారగనే అంగడి తలుపు తీయువానికి, తక్కెడ పట్టువానికి, బాకీల కొరకు తిరుగువానికి దానితో పని యేమని అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దానికి నాకు తోచిన సమాధానమును ఈ సంచికలో మనవి చేయుచున్నాను. నేను పండితుడను కాను. హైస్కూలుతో చదువు ముగించి యేలకుల వ్యాపారములో దిగినవాడను. పెద్దల వలన విన్నది, పుస్తకములలో చదివినది, ఈ కంబం లోయలో కన్నది కలిపి చెప్పుదును.

ముందుగా మాటకు అర్థము తేల్చుకొందము. సృజన అనగా శూన్యములో నుండి వస్తువును పుట్టించుట కాదు. అట్టి సృష్టిని మన ధర్మము ఒప్పుకొనదు గూడ. ద్రవ్యము అనాది, మారునది పర్యాయము మాత్రమే అని కదా మనము నేర్చుకొన్నది. కావున మనుష్యుడు చేయగలిగిన సృజన అంతయు, ఎదుట నున్నదానిని శ్రద్ధతో చూచుట, చూచినదానికి ఒక రూపమిచ్చుట, ఆ రూపమును మరునాడు తిరిగి సరిదిద్దుట. ఈ మూడును చేయువాడు పద్యము వ్రాసినను వ్రాయకున్నను సృజన గలవాడే.

యేలకుల వ్యాపారినే తీసికొనుడు. ఇడుక్కి కొండలనుండి దిగిన సరకులో పిడికెడు కాయలు అరచేతిలో పోసికొని చూచును. రంగు పచ్చగా నిలిచినదా, బట్టీలో వేడి ఎక్కువై తెల్లబడినదా? కాయ నిండుగా నున్నదా, వట్టి తొక్కయా? గింజ నల్లబడినదా, ఎఱ్ఱగా పచ్చిగా నున్నదా? ఒక కాయ చీల్చి వాసన చూచును. ఈ విద్యను ఏ పాఠశాలలోను చెప్పరు. ప్రతిదినము ఒక అంచనా వేయుట, బోడినాయకనూరు వేలములో పలికిన ధరతో దానిని పోల్చుట, ఎక్కడ ఎందుకు తేడా వచ్చినదో మనస్సులో పెట్టుకొనుట, ఇట్లు పది పదునైదు ఏండ్లు గడచిన పిమ్మట చేతికి కన్ను వచ్చును. జల్లెడ ఎనిమిది మిల్లీమీటర్ల కాయను ఏడు మిల్లీమీటర్ల కాయను వేరు చేయగలదు గాని ఇది ఏ తోట సరకో చెప్పలేదు. ఆ పని చేయుచున్నది మనుష్యుని అభ్యాసము, ఆత్మ పరిశీలన. మనకు తెలియకయే మనము చేయుచున్న పనిని తెలిసి చేయుమనుటయే నా మాట సారాంశము. సరకు విషయములో చేయుచున్నదానిని మన విషయములో గూడ చేయుమనుట.

మన పెద్దలు దీనికి సాధనమును ఎన్నడో ఏర్పరచి యుంచిరి. శ్రావకునకు నిత్యము చేయవలసిన ఆవశ్యకములు ఆరు. సామాయికము, చతుర్వింశతి స్తవము, వందనము, ప్రతిక్రమణము, కాయోత్సర్గము, ప్రత్యాఖ్యానము. వీనిని మనము పుణ్యము కొరకు చేయవలసిన క్రియలుగా మాత్రమే చూచుచున్నాము. వర్తకుని కన్నుతో చూచినచో మరియొకటి కనబడును. సామాయికమునకు కాలము 48 నిమిషములు. తెలుగువారి లెక్కలో గడియకు 24 నిమిషములు గనుక సరిగా రెండు గడియలు, ఒక ముహూర్తము. ఆ రెండు గడియలలో కొనుట లేదు, అమ్ముట లేదు, ఎవరిపైనను కోపము లేదు, ఎవరిపైనను ప్రత్యేక ప్రీతి లేదు. తక్కెడలో రెండు తట్టలును ఖాళీగా నుంచి ముల్లు నడుమ నిలిచినదా అని చూచుట వంటిది. ముల్లు సరిగా లేని తక్కెడతో ఎంత శ్రద్ధగా తూచిన ప్రయోజనమేమి?

ఇక ప్రతిక్రమణము. ఈ మాటకు వెనుకకు మరలుట యని అర్థము. దీనికి ఏర్పరచిన కాలములను చూడుడు. రాత్రి గడచిన పిమ్మట ఒకటి, పగలు గడచిన పిమ్మట ఒకటి, పక్షమునకు ఒకటి, నాలుగు మాసములకు ఒకటి, సంవత్సరమునకు ఒకటి. ఇది చూడగా నాకు మన చిట్టా ఆవర్జాలు జ్ఞాపకమునకు వచ్చును. ఏనాటి పద్దు ఆనాడే చిట్టాలో పడవలెను. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కవలెను. పక్షమునకొకసారి బాకీలు చూడవలెను. సంవత్సరాంతమున నిల్వ తేల్చవలెను. ఏడాదికొకసారి మాత్రమే లెక్క చూచువాని వ్యాపారము ఏమగునో మనకు తెలియును. అయినను పర్యూషణములో సంవత్సరీనాడు ఒక్కసారి క్షమాపణ చెప్పి, మిగిలిన 364 దినములు పద్దు వ్రాయని ఇండ్లు మనలో ఎన్నో కలవు. తెలుగులో ఆలోచన అనగా యోచించుట. మన శాస్త్రములలో ఆలోచన అనగా చేసినదానిని గురువు ఎదుట విప్పి చెప్పుట. ఒక మాట రెండు అర్థములు. తన్ను తాను విప్పి చూచుకొననిదే యోచన లేదని భాషయే చెప్పుచున్నట్లున్నది.

ఇంతవరకు వచ్చిన తరువాత పాఠకులు, ఇది ధర్మము, దీనికి సృజనకు సంబంధమేమి అని అడుగవచ్చును. దానికి మన ప్రాంతపు కొండలే సాక్ష్యము చెప్పును.

మదురైకి ఉత్తరమున అళగర్‌మలై కొండపై ఒక గుహ కలదు. అందు మునులు పరుండుటకు రాతిలో చెక్కిన పడకలు, వాని దగ్గర తమిళ బ్రాహ్మి లిపిలో శాసనములు కలవు. సుమారు క్రీ.పూ. 1వ శతాబ్ది నాటివని పండితులు నిర్ణయించిరి. అందు దాతలుగా పేర్కొనబడినవారెవరు? ఉప్పు వర్తకుడొకడు. బెల్లపు వర్తకుడొకడు. నాగటి కఱ్ఱులు అమ్మువాడొకడు. బట్టల వర్తకుడొకడు. బంగారపు పని వ్యాపారమువాడొకడు. చక్రవర్తులు కారు, కవులు కారు. మన వంటివారే. తమ పేరు, తమ సరకు పేరు, అంతే. రెండువేల ఏండ్ల క్రితము మదురైలో ఉప్పు అమ్మినవారందరిలో మనకు తెలిసినవాడు ఆ ఒక్కడే. అతడు లాభమెంత సంపాదించెనో ఎవరికిని తెలియదు.

అంత దూరము పోనక్కరలేదు. మన కంబంనకు సుమారు పది కిలోమీటర్ల దూరమున ఉత్తమపాళెములో, కరుప్పణ్ణస్వామి గుడి వద్దనున్న బండపై తీర్థంకరుల మూర్తులు వరుసగా చెక్కబడి యున్నవి. వట్టెళుత్తు లిపిలో శాసనములు కలవు. తొమ్మిది పది శతాబ్దుల నాటివి. వానిలో అజ్జణంది అను మునీశ్వరుని పేరు కలదు. ఈ మహాత్ముని పేరు ఉత్తమపాళెములో మాత్రమే కాదు, మదురై చుట్టునున్న ఆనైమలై, అళగర్‌మలై, కరుంగాలక్కుడి మొదలైన పెక్కు చోట్ల కనబడుచున్నది. వెళ్ళిన ప్రతి కొండపై ఒక మూర్తిని చేయించుట, క్రింద ఒక పంక్తి వ్రాయించుట. మన ధర్మము తగ్గుముఖము పట్టిన కాలమున, పాదచారియై ఊరూరు తిరుగుచు, ఒకే పనిని అలసట లేక చేసిన మనుష్యుడు. మదురై దగ్గర సమణర్‌మలై కొండపై పేచ్చిపళ్ళము అను చోట మరియొక శాసనము కలదు. అది అజ్జణంది తల్లి గుణమతియారు చేయించిన మూర్తి క్రిందిది. కుమారుడు సన్యసించి పోయినాడు, తల్లి అతని పనిలో చేయి కలిపినది. ఆ శాసనములో చెప్పినదంతయు ఒక్క వాక్యమే గాని, అది చదివినప్పుడెల్ల నాకు చాలసేపు మరియొక పని తోచదు.

అదే కొండలో సెట్టిప్పొడవు అను గుహ ఉన్నది. సెట్టిగారి గుహ యని అర్థము. లోపల కూర్చున్న తీర్థంకరుని పొడవైన చెవులు చూచి ఊరివారు ఎవరో సెట్టియార్ అనుకొని ఆ పేరు పెట్టిరట. మన కులమునకు దక్కిన గౌరవములలో ఇది ఒకటని నేను నవ్వుకొందును.

తెలుగు దేశమునకు వచ్చినచో, కరీంనగరు జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో వేయించిన శాసనము కలదు. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలలో నున్నది. అందలి తెలుగు కంద పద్యములు మనకు దొరికిన కందములలో అతి ప్రాచీనములని పేరొందినవి. అట్లే తెలుగులో ఛందస్సునకు మొదటి గ్రంథముగా చెప్పబడు కవిజనాశ్రయమునకు కర్త మల్లియ రేచన జైనుడనియు, వైశ్యుడనియు సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. కాలము విషయమున, కర్తృత్వము విషయమున పండితులలో వాదములు లేకపోలేదు. గ్రంథములో శ్రావకాభరణాంకుడను బిరుదు మాత్రము నిలిచి యున్నది. తెలుగు పద్యమునకు తూకపు రాళ్ళు చేసి పెట్టినవాడు ఒక వర్తకుల బిడ్డ యనుట మనకు తగియే యున్నది. గురువు లఘువు లెక్కించుట తెలిసినవాడు గింజ లెక్క తెలిసినవాడే గదా!

అయితే వీరెవ్వరును తమ దినములు ఎట్లు గడచినవో చెప్పలేదు. అది చెప్పిన వర్తకుడు ఒకడు కలడు. అతనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయుదును, ఏలయనగా మన పిల్లలకు అతని పేరే తెలియదు.

బనారసీదాసు 1586లో ఉత్తరదేశమున జౌన్‌పూరులో శ్రీమాల జైన కుటుంబమున జన్మించెను. తండ్రి రత్నముల వ్యాపారి. కుమారునకు వ్యాపారముకన్న కవిత్వముపై, స్నేహితులపై, ఇతర విషయములపై మోజు. చిన్న వయస్సుననే శృంగార రసములో వేయి పద్యముల గ్రంథము వ్రాసెను. ఆగ్రాకు సరకు తీసికొనిపోయి నష్టపోయెను. రత్నములు పోగొట్టుకొనెను. చేతిలో రొక్కము లేక, కచోరీలు అమ్మువాని వద్ద నెలల తరబడి అరువుకు తినెను. రాత్రులందు బసలో పదిమందిని కూర్చుండబెట్టి మధుమాలతి, మృగావతి కథలు చదివి వినిపించెడివాడు. శ్రోతలలో ఆ కచోరీలవాడు గూడ ఒకడు. వానికి కథ ముట్టినది, బాకీ మాత్రము వెంటనే ముట్టలేదు. తుదకు తీర్చెననుట మన వర్తకులకు సంతోషము కలిగించు విషయము. 1605లో అక్బరు పాదుషా చనిపోయిన వార్త విని మెట్లపై నుండి పడి తల పగులగొట్టుకొనెను. ముగ్గురు భార్యలను వివాహమాడెను. తొమ్మిదిమంది బిడ్డలు పుట్టి తొమ్మిదిమందియు పోయిరి.

ఇవన్నియు మనకెట్లు తెలిసినవి? 1641లో, తన యేబదియైదవ యేట, తానే 675 పద్యములలో వ్రాసి పెట్టెను గనుక. మనుష్యుని పూర్ణాయువు 110 ఏండ్లను లెక్క ననుసరించి, తనది సగము గడచినదని, గ్రంథమునకు అర్ధకథానకము అను పేరు పెట్టెను. భారతీయ భాషలలో ఇట్టి స్వీయచరిత్ర అంతకు ముందు కానరాదని విద్వాంసులు అందురు. తరువాత రెండేండ్లకు అతడు గతించెను. మిగిలిన సగము రాలేదు. నా వయస్సు ఆ ప్రాంతముననే ఉన్నది గనుక ఈ లెక్క నాకు మరింత తగులుచున్నది.

ఇతని చరిత్రలో మనకు ముఖ్యమైనది ఒక సంఘటన. 1605 ప్రాంతమున ఒకనాడు మిత్రులతో గోమతీ నది వంతెనపై కూర్చుండి, తాను వ్రాసిన ఆ వేయి పద్యముల గ్రంథమును చదువుచు, ఇందులో నిజము ఏమున్నది, లేనిపోనివి కల్పించితిని గదా అని తోచి, ప్రతిని నదిలో విడిచిపెట్టెను. కట్టు విడిపోయి పుటలు నీటిపై చెదరిపోయినవి. మిత్రులు అయ్యో అనిరి. తండ్రి సంతోషించెను.

మన శ్రావకులలో కొందరు ఈ కథను ఇక్కడితో ఆపి, చూచితిరా, కవిత్వమును విడిచి ధర్మమార్గమున పడినాడు అందురు. నేను ఒప్పుకొనను. కథ అక్కడితో ఆగలేదు. నదిలో విడిచినవాడు వ్రాయుట మానలేదు. అబద్ధమును మానెను. తరువాత 1636లో సమయసారమును ఆధారము చేసికొని సమయసార నాటకము అను గ్రంథమును హిందీలో రచించెను. నేటికిని దిగంబరులు దానిని పారాయణము చేయుదురు. సమయసారము కుందకుందాచార్యులది. ఆయన ఊరు అనంతపురము జిల్లా కొనకొండ్ల యని పండితులు గుర్తించుచున్నారు. మన నేలమీది మాట ప్రాకృతమునుండి, అమృతచంద్రుని సంస్కృత వ్యాఖ్య ద్వారా, ఆగ్రాలో ఒక నష్టపోయిన వ్యాపారి చేత హిందీ అయినది.

ఇక్కడ నిజముగా తేల్చుకొనవలసిన చిక్కు ఒకటి కలదు. వ్రాయుట, గీయుట, పాడుట, ఇవి మనస్సునకు తగులుకొనును. నాది అనిపించును. మెప్పు కోరును. మానము కషాయములలో ఒకటి. పరిగ్రహము బంగారమునకే పరిమితము కాదు, తన పద్యముపై మమకారము గూడ పరిగ్రహమే. అట్లయిన సృజన జైనునకు బంధమా, మోక్షమార్గమునకు సాయమా? బనారసీదాసు రెండు పనులును చేసి చూపెను. అబద్ధమైనదానిపై మమకారము నదిలో విడిచెను. తన లోపములను గూడ దాచక వ్రాసిన పుస్తకమును మనకు విడిచెను. తన్ను పెద్ద చేసి చూపు రచన పరిగ్రహము. తన్ను ఉన్నది ఉన్నట్లు చూపు రచన ఆలోచన. ఇది నా బుద్ధికి తోచిన విభాగము. మునులు వేరుగా చెప్పినచో శిరసావహింతును.

ఈ విషయమున మన ఇండ్లలోని స్త్రీలు మనకన్న ముందున్నారు. దేరాసరములో పాటపై బియ్యముతో స్వస్తికము వేయుట చూచుచున్నాము. నాలుగు గతులకు నాలుగు భుజములు, రత్నత్రయమునకు మూడు కుప్పలు, పైన సిద్ధశిలకు అర్ధచంద్రము. ప్రతిదినము శ్రద్ధతో వేయుదురు. దర్శనము ముగియగనే ఆ బియ్యము తీసివేయబడును. మరునాడు మరల వేయుదురు. వీథి గుమ్మములో ముగ్గు సంగతియు అంతే. పదిగంటలకెల్ల సైకిళ్ళు, జీపులు దానిని తొక్కివేయును. చేసినదానిపై మమకారము లేక, చేయుటలో శ్రద్ధ తగ్గక, ఇంత చక్కని పాఠము గుమ్మములో నుండగా మనము గ్రంథములలో వెదకుచున్నాము.

శ్రీమద్ రాజచంద్రుని సంగతి మీకు తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. బొంబాయిలో ముత్యములు, వజ్రముల వ్యాపారి. ఇరువది ఏండ్లు రాకమునుపే శతావధానము చేసి పేరొంది, ఆ ప్రదర్శనలను తానే మానుకొనెను. అవధానమనగా తెలుగువారికి ఎంత మోజో చెప్పనక్కరలేదు; దానిని మానుకొనుట ఎంత కష్టమో గూడ మనకే బాగుగా తెలియును. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన గాంధీగారు ఆయనను కలిసికొనిరి. వేలకొలది రూపాయల బేరము ముగిసిన మరుక్షణమే ఆయన ధర్మగ్రంథమునో తన దినచర్య పుస్తకమునో తెరచెడివాడని గాంధీగారు తమ ఆత్మకథలో వ్రాసిరి. గమనింపుడు, అంగడి మూసిన తరువాత కాదు, వృద్ధాప్యము వచ్చిన తరువాత కాదు. రెండు బేరముల నడుమ. 1896లో నడియాదులో 142 పద్యముల ఆత్మసిద్ధిని ఒక్క కూర్చుండుటలో వ్రాసెనని ప్రసిద్ధి. ఆ ఒక్క కూర్చుండుట వెనుక ఎన్ని దినముల పుటలు కలవో ఆలోచింపవలెను. 1901లో తన 33వ యేట దేహము చాలించెను.

ఇక అభ్యాసమునకు వత్తము. సామాయికములో కలము పట్టవచ్చునా అని కొందరు అడుగుదురు. అక్కరలేదు. సామాయికము సామాయికముగనే జరుగనిండు. లేచిన పిమ్మట పది నిమిషములు చాలును. ఒక సాదా నోటుపుస్తకము, మంచి పెన్ను. అంగడి చిట్టాతో దీనిని కలుపరాదు. గుమాస్తాలకు అందుబాటులో ఉంచరాదు. ఆనాడు చూచినదానిలో ఒక్కటి వ్రాయవలెను. అభిప్రాయము కాదు, చూచినది. "నేడు వ్యాపారము మందము, మనస్సు బాగుగా లేదు" అని వ్రాసినచో అది పద్దు కాదు, మొత్తము వేయని చిల్లర కాగితము. దానికి బదులు ఇట్లు వ్రాయవచ్చును: "పెద్దాయన ఒకరు వచ్చి కాలు కిలో యేలకులు అడిగి, ధర విని, యాభై గ్రాములు చాలునయ్యా అన్నారు. తూచునప్పుడు ఆయన తక్కెడను చూడలేదు, వీథిని చూచినారు." ఇంతే. దీనిలో ధర ఉన్నది, మనుష్యుడు ఉన్నాడు, అమ్మినవాడు ఏమి గమనించెనో ఉన్నది. ఇట్టివి మూడువందలు చేరినప్పుడు వ్రాసినవాని కన్ను మారిపోవును. మాట మారును. బేరమాడునప్పటి గొంతు గూడ మారును.

పక్షమునకొకసారి వెనుకటి పుటలు చదువవలెను. దీనిని విడిచిపెట్టువారే ఎక్కువ. వ్రాయుట సులభము, చదువుకొనుట కష్టము. చదివినచో తెలియును, పదునైదు దినములలో పది దినములు ఒకే మనుష్యునిపై ఫిర్యాదు వ్రాసితిమని, పిల్లల పేరు ఒక్కసారియైన రాలేదని. స్వాధ్యాయమునకు తత్త్వార్థ సూత్రములో అయిదు అంగములు చెప్పబడినవి. చదువుట, అడుగుట, చింతించుట, వల్లించుట, ఇతరులకు చెప్పుట. మన వ్రాతకును ఆ క్రమమే పనికివచ్చును. అడుగుట అను రెండవదానిని నేను ముఖ్యమందును. తన పుటను తాను ప్రశ్నించుకొనవలెను. ఇది జరిగినదా, జరిగినట్లు నాకు కావలసినదా?

ఒక ప్రమాదమును గూర్చి హెచ్చరింపక తప్పదు. ఆత్మ పరిశీలన యని పేరు పెట్టుకొని రాత్రివేళ నష్టములనే తలపోయుచు కూర్చుండువారు కలరు. ఆ సరకు ఆనాడు అమ్మి యుండవలసినది, ఆ బాకీవాడు మోసగించెను, ఇట్లు తిరుగుచుండుట పరిశీలన కాదు. దానికి మన శాస్త్రములో ఆర్తధ్యానమని పేరు. ఎదుటివానికి బుద్ధి చెప్పు ఉపాయములు వ్రాయుట రౌద్రధ్యానము. రెండును బంధహేతువులే. ధర్మధ్యానములో అపాయవిచయమని ఒకటి కలదు. హాని ఎక్కడనుండి పుట్టినదో, దానినుండి జీవుడు ఎట్లు బయటపడునో విచారించుట. గుర్తు సులభము. వ్రాసి ముగించిన పిమ్మట ఛాతి బరువు తగ్గినచో అది విచయము. పెరిగినచో పుస్తకము మూసి, నవకారము చెప్పుకొని పరుండుట మేలు. ఆ రాత్రికి వ్రాయకున్నను దోషము లేదు.

తీరిక లేదు అనుమాటకు నేను సమాధానము చెప్పను. ఫోను చూచుటకు దొరకుచున్న కాలమెంతయో ఆ ఫోనే లెక్క వేసి చూపుచున్నది.

ఇంత చెప్పుటకు కారణము మరియొకటి కలదు. మన ఇండ్ల అటకలపై పాత చిట్టాలు ఉన్నవి. ఎఱ్ఱ గుడ్డ అట్టలు, పొడవు కాగితములు. మా యింట ఒకనాడు మనుమడు వానిని దింపి దుమ్ము దులిపి చూచుచు, "తాతా, ఇందులో ముత్తాత ఎక్కడున్నాడు?" అని అడిగెను. మిరియము ధర ఉన్నది, బండి కూలి ఉన్నది, దీపపు నూనె ఖర్చు అణా పైసలతో ఉన్నది. ముత్తాత మాత్రము లేడు. ఆయన ఏ కొండదారిని పోయెనో, ఎవరి మాటకు నవ్వెనో, ఏ రాత్రి నిద్రపట్టలేదో ఒక్క పంక్తి లేదు. నిల్వ మాత్రము సరిగా తేలినది. అట్టి ఇండ్లు వేలకొలది. అందుచేతనే ఆగ్రా వర్తకులలో మనకు తెలిసినవాడు ఒక్క బనారసీదాసు.

పైగా ఆ చిట్టాలు తెలుగు అక్షరములతో ఉన్నవి, అడిగిన పిల్లవాడు వానిని చదువలేడు. అంకెలను మాత్రమే గుర్తించెను. కంబం, ఉత్తమపాళెము, బోడి, తేని ఇండ్లలో తెలుగు నోటిలో ఉన్నది, చేతిలో లేదు. బడిలో తమిళము, ఇంగ్లీషు. తమిళనాట 2006 చట్టము ప్రకారము పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి. ఉన్న నేల భాష నేర్చుకొనుట మన ధర్మమే గనుక దానిపై నాకు ఆక్షేపణ లేదు. అజ్జణంది పేరును తమిళములోనే కదా చెక్కిరి. కాని ఇంటి భాషకు ఇంటివారుగాక మరెవరు దిక్కు?

ఒకప్పుడు ఈ ప్రాంతమే తెలుగు వచనమునకు పుట్టినిల్లు. 1706 నుండి 1732 వరకు మదురైని ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయముగా తెలుగులో శ్రీరంగ మాహాత్మ్యమును వచనముగా వ్రాసెను. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనముగా వ్రాసెను. తెలుగునాట పద్యమునకే పెద్దపీట యున్న కాలమున, తమిళదేశములోని తెలుగువారు మాటలాడు తీరునకు దగ్గరగా వచనము వ్రాసిరి. చుట్టును పరభాష యున్నప్పుడు తన మాటను నిలుపుకొనవలెనను పట్టుదల యుండెనేమో యని నా ఊహ. దినమునకు నాలుగు పంక్తుల తెలుగు వచనము వ్రాయువాడు ఆ త్రోవలోనే నడచుచున్నాడు.

తెలుగు లిపి రాని పిల్లలను గూర్చి ఒక మాట. వారిచేత బలవంతముగా గుణింతములు దిద్దించి, తరువాత వ్రాయుమనినచో ఎన్నటికిని వ్రాయరు. ముందు తమకు వచ్చిన తమిళ లిపిలోనే ఇంట మాటలాడు తెలుగును వ్రాయనిండు. వ్రాయగా వ్రాయగా ఇబ్బంది వారికే తెలియును. తమిళములో క ఖ గ ఘ నాలుగింటికి ఒకటే అక్షరము. గడ్డి అని వ్రాసినది కడ్డి అని చదువుదురు. గంప కంప యగును. ఇంటిల్లిపాది నవ్వుదురు. అప్పుడు పిల్లవాడే వచ్చి, "నాన్నా, గ ఎట్లు వ్రాయవలెను?" అని అడుగును. ఆనాడు ఆ ఒక్క అక్షరము చూపిన చాలును. మరునాడు ద అడుగును, ఆ మరునాడు బ. అక్షరమునకు ఒక పుట చొప్పున అదే నోటుపుస్తకములో దిద్దుకొననిండు. క్రొత్త పుస్తకము కొనవలదు, ఏలయనగా వెనుకటి పుటలలో గంపలు కంపలైన చోటులను వాడే తిరిగి సరిదిద్దుకొనవలసి యున్నది.